మేకు లేని ఇల్లు

చూడ్డానికొచ్చేవాళ్ళు జారిపడుతున్నారని
మా నాన్నని కొండ మీదికి పిలిచారు.
చెక్క మెట్లు, పట్టుకోడానికో కమ్మీ,
పదకొండు రోజుల కూలి.

అరవయ్యేళ్ళు ఆ సమాధుల కిందే బతికాడు సాతిల్మిష్ వడ్రంగి.
వానొస్తుందా రాదా అని తప్ప
అటు తలెత్తి చూసింది లేదు.
మా అందరికీ అవి కొండకున్న కిటికీలు, అంతే.
టమాటా తోటల ప్లాస్టిక్ కప్పుల మీద
మధ్యాహ్నానికి ఆ కొండ నీడ పడుతుంది,
అప్పుడు చొక్కా గుండీ పెట్టుకుంటాం.

మొదటి రోజు సాయంత్రం
ఎర్రపప్పు చారు చల్లారిపోతోంది.
"అది చెక్కినవాడు రాతిపనివాడు కాదే,
వడ్రంగి" అన్నాడు.

దుంగల కొసలట, వరసగా, రంపంతో అప్పుడే కోసినట్టు.
అడ్డదూలాల చివర్లు
పాత చెప్పు ముక్కులా పైకి తిరిగి ఉన్నాయట.
జరిపే తలుపు, అది జరిగే గాడి,
వాసాల మీద వాసాలు.
ఏ బరువూ మోయని వాసాలు!
కొండ తన్ను తాను మోసుకుంటుంటే
వాటికేం పని?

పైనుంచి కిందికి చెక్కుకుంటూ దిగారట.
కప్పు ముందు, గడప ఆఖర్న.
నిలబడ్డ రాయే పరంజా,
దాన్నే తినుకుంటూ దిగడం.
"అలా ఇల్లు కట్టమంటే నేను పారిపోదును."

మూడో రోజు లోపలికి దూరాడు.
మూడు రాతి మంచాలు, ఒకదానికి రాతి దిండు.
మేకపెంటికలు. ఎవరిదో సిగరెట్ పెట్టె.
గుమ్మం మీది రాత బడిపంతులు చదివి చెప్పాడు:
నా భార్యనీ నా పిల్లల్నీ తప్ప
ఇందులో ఎవర్ని పడుకోబెట్టినా జరిమానా.
మా అమ్మ పడీపడీ నవ్వింది,
చచ్చి కూడా అద్దెకివ్వడన్నమాట.

నాన్న నవ్వలేదు.
కుసి బెజ్జంలోకి దిగినచోట
చీల తల ఒకటి కనబడిందట, వేలి గోరంత.
"అంతా ఒకటే రాయి కదా,
ఏది ఊడిపోతుందని చీల కొట్టాడు?"
నన్నే అడిగినట్టు నా వైపు చూశాడు.
నాకేం తెలుసు, నేను టమాటాలు ఏరేదాన్ని.

ఆ వారమే ఎగువూరు వెళ్ళాడు.
అక్కడ మా తాత కట్టిన అంబారం ఉంది,
దేవదారు దూలాలు, ఒక్క మేకు లేదు.
తలుపు తీసి, కొసలు తడిమి,
చీకటి పడేదాకా కిందికి దిగలేదు.

ఆ స్థలంలో ఇంకో ప్లాస్టిక్ తోట వేస్తానన్నాడు మా అన్న సెఫెర్.
నాన్న ఒక్క మాటా అనలేదు.
తనే విప్పాడు, పైనుంచి కిందికి,
కప్పు ముందు, గడప ఆఖర్న.
ప్రతి పలక మీదా బొగ్గుతో అంకె వేసి
టార్పాలిన్ కింద పేర్చాడు.

మా ఊళ్ళో మనిషి పోతే
గోతిలో పైన ఏటవాలుగా పలకలు పరిచి
వాటి మీద మట్టి పోస్తాం.
ఆ పలకలు కోసిచ్చేది నాన్నే, డబ్బు తీసుకోడు.
మువల్లా అత్తకి ఏడు పలకలు వెళ్ళాయి.
ఆవిడ కొంచెం పొట్టి, ఒకటి మిగిలింది.
చెరువులో పోయిన రెజెబ్ కొడుక్కి నాలుగు.
వాసన చూస్తే ఇంకా గోధుమలే.
దేవదారుకి చెద తొందరగా పట్టదంటే
"పట్టనీ, దానికీ ఆకలే" అంటాడు.

ఈ చలికాలానికి ఒక్క వరస ఉంది,
పదిహేడు నుంచి ఇరవై మూడు దాకా.
ఎవరికని నేనడగలేదు.
వాకిట్లో వాటిని చిత్రిక పట్టి
అంచులకి బెజ్జాలు వేస్తున్నాడు.
"చీలలెందుకు నాన్నా, మట్టే పట్టుకుంటుంది కదా?"
వినబడలేదో, విననట్టున్నాడో.

పొద్దున లేచి చూస్తే
టీ గ్లాసులో నిలబెట్టి ఉన్నాయి,
పద్నాలుగు చీలలు,
వేలి గోరంత తలలతో.